ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వియన్నాకు ఒంటరిగా రైలులో: దిగిన తర్వాతి రెండు గంటల గురించే ఎక్కువ ఆలోచించండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఆఫీసు పని మీద ఆరు నెలలకు ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చారు. అక్టోబరులో మూడు రోజులు సెలవు దొరికింది. తోడు వస్తానన్న స్నేహితురాలు చివర్లో మానుకుంది. ఇప్పుడు ఒక్కరే రైలులో వియన్నా వెళ్లవచ్చా, సీటు రిజర్వేషన్ తప్పనిసరా, జర్మన్ రాకుండా మూడు రోజులు ఒంటరిగా ఆ ఊరిలో ఏం చేయాలి, శాకాహారం దొరుకుతుందా, గుంటూరులో ఉన్న అమ్మగారికి ఏమని నచ్చజెప్పాలి అన్నవి మీ సందేహాలు.

వెళ్లవచ్చు, నిస్సంకోచంగా వెళ్లండి. సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు, కానీ మీరు చేయించుకోండి. వెలుగు ఉండగానే వియన్నాలో దిగే రైలును ఎంచుకోండి; దిగిన తర్వాతి మొదటి రెండు గంటలలో ఏం చేస్తారో ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి; మిగిలిన సమయాన్ని చాలావరకు ఖాళీగా వదిలేయండి. నేను రాజమండ్రి నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా న్యూరెంబర్గ్‌లో ఉంటున్నాను. మీ రైలు మా ఊరి మీదుగానే వెళ్తుంది. ఆ దారిలో నేను ఒంటరిగా ఎన్నోసార్లు ప్రయాణించాను కనుక, పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో నాకు బాగా తెలుసు. వాటిలో చాలావరకు నేను చేసినవే.

ముందు సీటు సంగతి చెబుతాను. మన దేశంలో దూరప్రయాణం అంటే రిజర్వేషన్ అన్నట్టే ఉంటుంది. టికెట్ చేతిలో ఉన్నదంటే బోగీ నంబరు, బెర్తు నంబరు కూడా ఉన్నట్టే; లేకపోతే వెయిటింగ్ లిస్టు, లేదా జనరల్ బోగీ. జర్మనీ, ఆస్ట్రియాలలో టికెట్ వేరు, సీటు వేరు. టికెట్ మీకు రైలు ఎక్కే హక్కును మాత్రమే ఇస్తుంది. సీటు కావాలంటే మరికొన్ని యూరోలు కట్టి విడిగా తీసుకోవాలి. తీసుకోకపోయినా ఏ బోగీలోనైనా ఖాళీగా ఉన్న సీటులో కూర్చోవచ్చు, ఖాళీ లేకపోతే నిలబడి వెళ్లవచ్చు. సీటు పక్కనో పైనో ఉన్న చిన్న తెర మీద ఎక్కడినుంచి ఎక్కడివరకు ఆ సీటు రిజర్వు అయిందో కనిపిస్తుంది. న్యూరెంబర్గ్ నుంచి లింట్స్ వరకు అని ఉంటే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కిన మీరు న్యూరెంబర్గ్ వరకు అక్కడ నిశ్చింతగా కూర్చోవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి: రిజర్వు చేసుకున్నవారు రైలు కదిలిన పదిహేను నిమిషాలలోపు తమ సీటుకు చేరకపోతే ఆ హక్కు పోతుంది. కనుక ఎక్కిన వెంటనే మీ సీటు దగ్గరకు వెళ్లి కూర్చోండి, భోజనశాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తప్పనిసరి కానప్పుడు రిజర్వేషన్ చేయించుకోమని ఎందుకంటున్నానంటే, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వియన్నాకు నేరుగా వెళ్లే ఐసీఈ రైలుకు (జర్మనీ వేగవంతమైన దూరప్రయాణపు రైలు) సుమారు ఆరున్నర గంటలు పడుతుంది. ఇద్దరు ఉంటే ఒకరు పెట్టెల దగ్గర నిలబడి మరొకరు సీటు వెతకవచ్చు. ఒక్కరే ఉన్నప్పుడు పెట్టెను ఈడ్చుకుంటూ ఆరు బోగీలు తిరగాలి. ఆ కొద్ది యూరోలు సీటుకు కాదు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికి కడుతున్నారని అనుకోండి. ఫ్రాన్సు వేగవంతమైన తేజేవే రైళ్లలోనూ, స్పెయిన్ ఆవే రైళ్లలోనూ, ఇటలీ ఫ్రెచ్చారోస్సాలోనూ మాత్రం రిజర్వేషన్ లేకుండా ఎక్కనే కూడదు. అటువైపు వెళ్లినప్పుడు ఈ జర్మన్ అలవాటును వెంట తీసుకెళ్లకండి.

టికెట్ ఎంత ముందుగా కొంటే అంత చవక. అయితే చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, అన్నింటికంటే చవకైన రకానికి డబ్బు వాపసు కూడా ఉండదు. ఎక్కడైనా మారవలసి వస్తే మొత్తం ప్రయాణాన్ని ఒకే టికెట్‌గా కొనండి. మొదటి రైలు ఆలస్యమై రెండవది తప్పిపోయినా, ఒకే టికెట్ ఉంటే తర్వాతి రైలులో వెళ్లవచ్చు. టీసీ చేతనో స్టేషన్ కౌంటరులోనో ఆ మాట రాయించుకుంటే ఇంకా మంచిది. రెండు వేర్వేరు టికెట్లు కొని ఉంటే రెండవ రైలు తప్పిపోయిన నష్టం మీదే. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం గమ్యానికి 60 నిమిషాలు ఆలస్యంగా చేరితే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు దాటితే 50 శాతం తిరిగి అడగవచ్చు. పెద్ద వరదల వంటి అసాధారణ కారణాలకు ఇది వర్తించదు. ట్రాక్ పనులున్నప్పుడు దారి మారి రెండు గంటలు అదనంగా పట్టిన సందర్భాలు నాకు ఉన్నాయి కనుక, బయలుదేరే ముందురోజు రాత్రి ఒకసారి యాప్‌లో చూసుకోండి. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే, అది ఐసీఈలో చెల్లదు, ప్రాంతీయ రైళ్లకు మాత్రమే. దానితో ఆస్ట్రియా సరిహద్దులో ఉన్న జర్మన్ ఊరు పాస్సౌ వరకు వెళ్లి అక్కడినుంచి ఆస్ట్రియా టికెట్ తీసుకొనేవారు ఉన్నారు. రోజంతా పడుతుంది, మూడు నాలుగు మార్పులు ఉంటాయి. మొదటి ఒంటరి ప్రయాణానికి నేనైతే ఆ దారి చెప్పను.

పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, ఫోనులో ఫోటో కాదు. షెంగెన్ దేశాల మధ్య సరిహద్దులు లేవని చాలామంది నమ్మి ఇంట్లో పెట్టి వస్తారు. మీకు జర్మనీ నివాస కార్డు ఉంటే, పాస్‌పోర్టుతో కలిపి, ఆస్ట్రియాలో 180 రోజులలో 90 రోజుల వరకు ఉండవచ్చు. వీసా వేరుగా అక్కరలేదు. కానీ జర్మనీ 2015 సెప్టెంబరు నుంచి ఆస్ట్రియా సరిహద్దు వద్ద తనిఖీలు చేస్తూ వచ్చింది, 2024 సెప్టెంబరులో వాటిని తన భూసరిహద్దులన్నింటికీ విస్తరించింది. కనుక వెళ్లేటప్పుడు ఎవరూ అడగకపోవచ్చు, తిరిగి వచ్చేటప్పుడు పాస్సౌ దగ్గర పోలీసులు రైలు ఎక్కి అడగవచ్చు. ఒకసారి నా ఎదురు సీటులో కూర్చున్న ఒక తెలుగు విద్యార్థి ఫోనులో పాస్‌పోర్టు ఫోటో చూపించాడు. అతనిని దించి స్టేషన్‌కు తీసుకెళ్లారు. దొంగతనం చేసినవాడిలా తల వంచుకొని ఆ పిల్లవాడు పెట్టె దించుకొన్న తీరు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. తర్వాత ఏమైందో తెలియదు, రైలు కదిలిపోయింది.

ఇక ప్లాట్‌ఫారం మీద. పొడవైన ప్లాట్‌ఫారాన్ని ఏ, బీ, సీ అంటూ భాగాలుగా గుర్తిస్తారు, మీ బోగీ ఏ భాగం దగ్గర ఆగుతుందో తెర మీద కనిపిస్తుంది. అక్కడే నిలబడండి, రైలు చాలా స్టేషన్లలో రెండు మూడు నిమిషాలకు మించి ఆగదు, తలుపులు బయలుదేరే సమయానికి కొద్దిగా ముందే మూసుకుంటాయి. ప్లాట్‌ఫారం నంబరు చివరి నిమిషంలో మారవచ్చు. ఆ ప్రకటన ఇంగ్లీషులో రాకపోవచ్చు కనుక మూడు మాటలు చెవిలో వేసుకోండి: గ్లైస్ అంటే ప్లాట్‌ఫారం, ఫెర్‌ష్పేటుంగ్ అంటే ఆలస్యం, ఫెల్ట్ ఆవుస్ అంటే రద్దయింది. చివరి మాట వినిపించి చుట్టూ ఉన్నవారు ఒక్కసారిగా నిట్టూర్చారంటే మీరు సరిగ్గానే విన్నారు.

నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెబుతాను. బెర్లిన్ నుంచి వచ్చే కొన్ని ఐసీఈ రైళ్లు హామ్ అనే స్టేషన్‌లో రెండుగా విడిపోతాయి. ఒక సగం వుప్పర్‌తాల్ మీదుగా కొలోన్ వెళ్తుంది, మరొక సగం డోర్ట్‌మండ్, ఎస్సెన్ మీదుగా డ్యూసెల్‌డార్ఫ్ వైపు వెళ్తుంది. నేను ఎస్సెన్ వెళ్లాలి. రైలు నంబరు చూసుకొని ఎక్కాను, ఖాళీ సీటు కనిపించింది, కూర్చున్నాను, నిద్రపోయాను. లేచి చూస్తే కిటికీలోంచి వుప్పర్‌తాల్ కనిపించింది. మన దగ్గర కూడా కొన్ని రైళ్లు దారిలో విడిపోయి వేరే ఊళ్లకు వెళ్తాయి, అది తెలిసి కూడా ఇక్కడ అలా ఉంటుందని నాకు తట్టలేదు. అప్పటినుంచి రైలు నంబరుతో తృప్తిపడకుండా, నేను ఎక్కుతున్న బోగీ తలుపు పక్కన రాసి ఉన్న గమ్యాన్ని చదివి ఎక్కుతున్నాను. మీరూ అదే చేయండి.

ఊళ్ల పేర్లు కూడా మోసం చేస్తాయి. బోర్డు మీద వియన్నా అని ఉండదు, ఆ ఊరి వాళ్ల భాషలో వీన్ అని ఉంటుంది. మీరు దిగవలసినది వీన్ హౌప్ట్‌బాన్‌హోఫ్, అంటే ప్రధాన స్టేషన్. దానికి కొద్ది నిమిషాల ముందు వీన్ మైడ్లింగ్ వస్తుంది. ‘వీన్’ అనగానే పెట్టె లాక్కొని అక్కడే దిగిపోయేవారు ప్రతి రైలులోనూ ఉంటారు. దిగినా మునిగిపోయేదేమీ లేదు, అక్కడినుంచీ మెట్రో ఉంది, కానీ మీరు ముందుగా వేసుకున్న లెక్క తప్పుతుంది. తిరుగు ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్ పేరుతో జాగ్రత్త: మైన్ నది మీద ఉన్నది మీది, ఓడర్ నది మీద ఉన్న ఇంకొక ఫ్రాంక్‌ఫర్ట్ పోలండ్ సరిహద్దులో ఉంది. టికెట్ కొనేటప్పుడు దానిని ఎంచుకున్నవారిని నేను చూశాను.

రాత్రి రైళ్ల గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెబుతారు. ఆస్ట్రియా రైల్వే నడిపే నైట్‌జెట్‌లలో ఆడవారికి మాత్రమే కేటాయించిన కూపేలు ఉన్నాయి, 2023 డిసెంబరు నుంచి కొత్త రైళ్లలో ఒక్కరికే సరిపడే, తలుపు మూసుకొనే చిన్న గూళ్లు కూడా వచ్చాయి. మంచివే. కానీ నిద్రలేని కళ్లతో కొత్త ఊరిలో తెల్లవారుజామున దిగడం మొదటిసారికి వద్దు.

అసలు విషయానికి వస్తాను. ఒంటరి ప్రయాణంలో కష్టం భయం కాదు, ప్రతి చిన్న నిర్ణయమూ మీరే తీసుకోవలసి రావడం. ఏ ద్వారం గుండా బయటకు వెళ్లాలి, ఏ టికెట్ కొనాలి, ఎక్కడ తినాలి, ఈ వీధేనా కాదా అని అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. ఆరున్నర గంటలు కూర్చొని దిగిన మనిషికి ఆకలి, అలసట, చేతిలో పెట్టె, ఫోనులో పది శాతం ఛార్జింగ్ ఉన్నప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. నేను మొదటిసారి 2013లో ఇలాగే వెళ్లాను. అప్పటికి హౌప్ట్‌బాన్‌హోఫ్ పూర్తిగా సిద్ధం కాలేదు, జర్మనీ రైళ్లు వెస్ట్‌బాన్‌హోఫ్ అనే వేరే స్టేషన్‌కు చేరేవి. చవక అని చివరి రైలు తీసుకున్నాను. రాత్రి పదకొండు దాటింది. బస చిరునామా ఫోనులోనే ఉంది, ఫోను ఆగిపోయింది. స్టేషన్‌లో దుకాణాలన్నీ మూసేశారు. ఎలాగో తిప్పలు పడి చేరేసరికి బసలో తాళాలు ఇచ్చే మనిషి వెళ్లిపోయారు, మెట్ల మీద గంటసేపు కూర్చున్నాను. ఆ ఊరు నాకేమీ అపకారం చేయలేదు. అయినా రెండు రోజులపాటు ప్రతి వీధీ నా మీద కోపంగా ఉన్నట్టే అనిపించింది.

కనుక మీరు ఇలా చేయండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉదయం ఎనిమిది ప్రాంతంలో బయలుదేరే రైలు తీసుకోండి, మధ్యాహ్నం మూడు గంటల లోపు దిగుతారు. అక్టోబరు మొదట్లో అక్కడ ఆరున్నర ప్రాంతంలో సూర్యాస్తమయం; నెలాఖరు ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పిన తర్వాత ఐదు గంటలలోపే. బసను హౌప్ట్‌బాన్‌హోఫ్‌కు నడిచి చేరేంత దూరంలోనో, యూ1 మెట్రో లైను మీదనో తీసుకోండి. చిరునామా, ఫోను నంబరు కాగితం మీద రాసుకోండి. ఆ ప్రాంతపు పటాన్ని ఫోనులో ముందే దించుకోండి. మీ జర్మన్ సిమ్‌కు ఆస్ట్రియాలో అదనపు రోమింగ్ ఛార్జీ ఉండదు, కానీ నెట్‌వర్క్ మీద అంత భరోసా వద్దు. స్టేషన్‌లో దిగగానే సూపర్‌మార్కెట్‌లో నీళ్ల సీసా, పెరుగు, పండ్లు, రొట్టె కొనండి. నీళ్ల సీసా ఒకటే చాలు, తర్వాత కొళాయి నీళ్లే నింపుకోండి. వియన్నాకు 1873 నుంచి ఆల్ప్స్ పర్వతాల ఊటనీరు గొట్టాల ద్వారా వస్తున్నది, అంత మంచి నీళ్లు నేను మరే పెద్ద నగరంలోనూ తాగలేదు.

ఆ తర్వాత 24 గంటల రవాణా టికెట్ కొనండి. మెట్రో, ట్రామ్, బస్సు అన్నింటికీ ఒకటే టికెట్. యంత్రం ఇచ్చిన కాగితపు టికెట్ మీద ముద్ర లేకపోతే మొదటిసారి ఎక్కే ముందు నీలిరంగు పెట్టెలో పెట్టి వేయించుకోవాలి. హైదరాబాద్ మెట్రోలో ఉన్నట్టు ఇక్కడ గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు. మామూలు దుస్తులలో ఉన్న తనిఖీవారు హఠాత్తుగా అడుగుతారు, ముద్ర లేకపోతే జరిమానా వంద యూరోలకు పైమాటే. “నాకు తెలియదు” అన్న మాట వారు రోజుకు వందసార్లు వింటారు.

పెట్టె బసలో పెట్టి, ముఖం కడుక్కొని, మళ్లీ స్టేషన్ పక్కకు వచ్చి డీ ట్రామ్ ఎక్కండి, నుస్‌డోర్ఫ్ వైపు వెళ్లేది. కిటికీ పక్కన కూర్చోండి. అది బెల్వెడేర్ రాజభవనం పక్కనుంచి వెళ్లి, శ్వార్ట్‌సెన్‌బెర్గ్ చౌరస్తా దగ్గర రింగ్ వీధిలోకి తిరిగి, ఒపేరా, జంట మ్యూజియంలు, పార్లమెంటు, నగర మందిరం, విశ్వవిద్యాలయం అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. పర్యాటక బస్సు చూపించేదంతా మామూలు ట్రామ్ టికెట్‌తోనే చూసినట్టవుతుంది, చుట్టూ కూర్చున్నవారు కూరగాయల సంచులతో ఇంటికి వెళ్లే మనుషులు. విశ్వవిద్యాలయం దాటాక దిగి, వెనక్కి నడుచుకుంటూ రండి.

ఈ రింగ్ వీధిని అర్థం చేసుకుంటే ఆ ఊరిలో మీరు దారి తప్పరు. పాత నగరం చుట్టూ ఉన్న కోటగోడలను కూల్చివేయాలని చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ 1857లో ఆజ్ఞ ఇచ్చాడు. ఆ గోడల స్థానంలో వేసిన ఈ విశాలమైన వీధిని 1865లో ప్రారంభించారు. అంటే లోపల ఉన్నది పాత ఊరు. దాని నడుమ సెయింట్ స్టీఫెన్ చర్చి ఉంది, దాని దక్షిణ గోపురం ఎత్తు 136 మీటర్లు. లోపల సందులు ఎటు తిరిగినా, ఒకే దిక్కుగా నడుస్తూ పోతే పదిహేను ఇరవై నిమిషాలలో రింగ్ వీధి అయినా తగులుతుంది, డాన్యూబ్ కాలువ అయినా తగులుతుంది. అందువల్ల మొదటి సాయంత్రం ఫోనును సంచిలో పెట్టి నడవండి. కొత్త ఊరిలో నాకు ఇంతకంటే ఇష్టమైన పని లేదు. మరొక సులువు ఉంది: నగరంలో 23 వార్డులున్నాయి, పిన్‌కోడ్‌లో నడిమి రెండు అంకెలే వార్డు నంబరు. 1070 అంటే ఏడవ వార్డు, 1190 అంటే పందొమ్మిదవది. వీధి పేరు పలకమీద కూడా మొదట ఆ నంబరే ఉంటుంది. ఒకటవది నడుమ, రెండు నుంచి తొమ్మిది వరకు దాని చుట్టూ. చిరునామా చూడగానే ఎంత దూరమో అంచనాకు వస్తుంది.

మిగిలిన రెండు రోజులకు జాబితా రాయమని మీరు అడిగారు. నేను రాయను. నా రెండవ ప్రయాణంలో ఒకే రోజు తొమ్మిది ప్రదేశాలు రాసుకొని వెళ్లాను, ఆరు చూశాను, ఒక్కటీ గుర్తులేదు. పూటకు ఒకటి చాలు. ఒక పూట కున్స్ట్‌హిస్టోరిషెస్ అనే కళాచరిత్ర మ్యూజియంకు ఇవ్వండి. సెప్టెంబరు నుంచి మే వరకు సోమవారాలు మామూలుగా మూసి ఉంటుంది, చూసుకోండి. అక్కడ పీటర్ బ్రూగెల్ చిత్రాల గది ఒకటి ఉంది. 1565లో ఆయన వేసిన ‘మంచులో వేటగాళ్లు’ ముందు బల్ల మీద కూర్చుంటే, దూరాన గడ్డకట్టిన చెరువు మీద ఆడుకొనే చీమలంత మనుషులు ఒక్కొక్కరే కనిపిస్తూ ఉంటారు. అరగంట కూర్చున్నా “ఇక పదా” అనేవారు ఉండరు. ఒంటరిగా వెళ్లడం వల్ల కలిగే లాభం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ బల్లను చెబుతాను. ఎదురుగా ఉన్న కవల భవనం ప్రకృతి చరిత్ర మ్యూజియం. అందులో విల్లెన్‌డోర్ఫ్ వీనస్ అనే పదకొండు సెంటీమీటర్ల అతిప్రాచీన స్త్రీ ప్రతిమ ఉంది. డాన్యూబ్ ఒడ్డున రైలు మార్గం వేస్తున్నప్పుడు 1908లో అక్కడి తవ్వకాలలో బయటపడింది కనుక, రైలు దిగి వచ్చినవారు దాన్ని చూసి రావడం ఒక మర్యాద అనుకోండి.

ఇంకొక పూట ఎండ ఉంటే అదే డీ ట్రామ్‌లో చివరి స్టేషన్ నుస్‌డోర్ఫ్ వరకు వెళ్లండి. అక్కడినుంచి నగరపు మొదటి నడకదారి మొదలై ద్రాక్షతోటల గుండా 484 మీటర్ల కాలెన్‌బెర్గ్ గుట్ట మీదకు తీసుకెళ్తుంది. గుర్తులు స్పష్టంగా ఉంటాయి, వారాంతంలో పిల్లలతో వచ్చే కుటుంబాలు నడుస్తూనే ఉంటాయి కనుక ఒంటరిగా ఉన్నామన్న భావన రాదు. దిగడానికి ఓపిక లేకపోతే 38ఏ బస్సు హైలిగెన్‌స్టాట్ మెట్రో వరకు దించుతుంది. వాన పడితే 71వ నంబరు ట్రామ్‌లో కేంద్ర శ్మశానవాటికకు వెళ్లమంటాను. 1874లో మొదలైన ఆ శ్మశానంలో బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. ఎవరైనా పోతే “71 ఎక్కాడు” అనడం వియన్నావాసులకు అలవాటు. రెండవ గేటు దగ్గర దిగాలి. అమ్మగారికి ఈ ఒక్క సంగతీ ఫోనులో చెప్పకండి, శ్మశానానికి ఒంటరిగా ఎందుకు వెళ్లావని మరొక గంట మాట్లాడతారు.

తిండి దొరుకుతుంది, కానీ అడగాలి. ‘వెజిటేరియన్’ అన్న మాట అర్థమవుతుంది. దానితోపాటు “ఓనె ఫ్లైష్, ఓనె ఫిష్” అనండి, మాంసం లేకుండా చేప లేకుండా అని. సూపుల దగ్గర జాగ్రత్త. ఫ్రిటాటెన్‌సుప్పె అని దోసెముక్కల్లాంటివి వేసిన సూపు ఒకటి ఉంటుంది, చూడడానికి అమాయకంగా ఉంటుంది, అది గొడ్డుమాంసపు రసం. మెనూలో వంటకం పక్కన చిన్న అక్షరాలు ఉంటాయి. అవి అలర్జీ గుర్తులు. ఏ అంటే గోధుమ వంటివి, సీ అంటే గుడ్డు, జీ అంటే పాలు. గుడ్డు తినకపోతే ఆ సీ అక్షరం మీకు చాలా ఉపకారం చేస్తుంది. చీజ్ వేసిన ష్పెట్స్‌లె (పిండితో చేసే నూడుల్స్ వంటివి) కడుపు నింపుతుంది కానీ అందులో గుడ్డు ఉంటుంది. ఎటూ తోచకపోతే ఫలాఫెల్ ప్రతిచోటా ఉంది. నేను మాత్రం ఆవకాయ చిన్న సీసా లేకుండా ఆ రైలు ఎక్కను.

ఒంటరిగా హోటల్లో కూర్చొని తినడానికి ఇబ్బందిగా ఉంటుందని రాశారు. వియన్నా ఆ ఇబ్బందికి మందు తానే తయారుచేసి పెట్టింది, అవే కాఫీహౌస్‌లు. ఒక మెలాంజ్ (నురుగు పాలు కలిపిన కాఫీ) చెప్పి రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. చిన్న పళ్లెంలో కాఫీతోపాటు గ్లాసుడు నీళ్లు తెచ్చి పెడతారు, కర్రకు బిగించిన వార్తాపత్రికలు ఉంటాయి, సగం బల్లల దగ్గర ఒక్కొక్క మనిషే ఉంటారు. మన ఫిల్టర్ కాఫీతో పోల్చి నిరాశపడకండి, అది వేరే వస్తువు. బిల్లు ఇచ్చేటప్పుడు ఐదు నుంచి పది శాతం కలిపి మొత్తం ఇంత తీసుకోండని నోటితో చెప్పడం పద్ధతి. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, కొంత నగదు ఉంచుకోండి. స్టేషన్ మరుగుదొడ్లకు చిల్లర నాణేలూ కావాలి.

భద్రత గురించి నిజాయితీగా చెబుతాను. ఇన్నేళ్లలో వియన్నాలో నాకు భయం వేసిన సందర్భం లేదు. చిరాకు వేసినవి ఉన్నాయి: చర్చి, ఒపేరా దగ్గర పాతకాలపు రాజదర్బారు వేషాలు వేసుకొని కచేరీ టికెట్లు అంటగట్టేవారు వెంటపడతారు. నవ్వి, ఆగకుండా నడవండి. రద్దీ మెట్రోలో సంచి ముందుకు వేసుకోండి. శుక్ర, శనివారం రాత్రులు మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది, మిగతా రోజుల్లో అర్ధరాత్రి దాటాక ఆగిపోతుంది, అది చూసుకొని బయటకు వెళ్లండి. అత్యవసరానికి 112, నేరుగా పోలీసులకు 133, అంబులెన్సుకు 144. అమ్మగారికి వాదనలతో కాకుండా వేళలతో ధైర్యం చెప్పండి. మన సమయం ఇక్కడికంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందుంటుంది. గడియారాలు వెనక్కి తిప్పకముందు సాయంత్రం ఐదున్నరకు ఫోను చేస్తే అక్కడ రాత్రి తొమ్మిది. రైలు నంబరు, బస చిరునామా ముందే పంపి, రోజూ అదే వేళకు చేయండి. మా అమ్మకు వియన్నా ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు, నా ఫోను వచ్చే వేళ మాత్రం తెలుసు.

ఎవరూ చెప్పని మాట ఒకటి ఉంది. ఒంటరి ప్రయాణంలో నాకు కష్టంగా ఉండేది రెండవరోజు సాయంత్రం ఏడు గంటల వేళ. మొదటిరోజు కొత్తదనంతో గడిచిపోతుంది, చివరిరోజు పెట్టె సర్దుకోవడంతో. ఆ రెండవ సాయంత్రం దీపాలు వెలిగి, జంటలు, కుటుంబాలు భోజనాలకు కూర్చుంటున్న వేళ, నేనెందుకు వచ్చాను అనిపిస్తుంది. ప్రతిసారీ అనిపించింది. అది మీ తప్పూ కాదు, ఊరి తప్పూ కాదు. ఆ ఒక్క సాయంత్రానికి ముందే ఏదైనా కొని పెట్టుకోండి. ఒపేరాలో నిలబడి చూసే టికెట్లు చాలా తక్కువ ధరకు ప్రదర్శన రోజున దొరుకుతాయి. సంగీతం తెలియకపోయినా సరే. పక్కన నిలబడిన వృద్ధులు ఎవరో ఒకరు కథ చెబుతారు, రెండో అంకంలో కాళ్లు నొప్పెడితే మధ్యలో వచ్చేయవచ్చు.

తిరుగు ప్రయాణం ఆదివారం అన్నారు. ఆదివారం మధ్యాహ్నం రైళ్లు కిక్కిరిసి ఉంటాయి కనుక వెళ్లేటప్పుడు కాకపోయినా వచ్చేటప్పుడు సీటు తప్పక రిజర్వు చేయించుకోండి. ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉంటాయి, హౌప్ట్‌బాన్‌హోఫ్ లోపలి సూపర్‌మార్కెట్ తెరిచి ఉంటుంది కానీ వరుస పొడవుగా ఉంటుంది. అరగంట ముందుగా చేరి దారికి కావలసినవి అక్కడే కొనుక్కోండి, పాస్‌పోర్టును పెట్టె అడుగున కాకుండా చేతిసంచిలో పెట్టుకొని ఎక్కండి, పాస్సౌలో అడగవచ్చు.